చూపుతో నడచు కుర్చీ

మెడవద్ద వెన్నుపాము తీవ్రముగా దెబ్బతిన్నవానికి కాళ్లును, చేతులును చచ్చుపడును. కాని కన్నులు కదలుచునే యుండును. వానిని త్రిప్పు నాడులు తలలోపల మెదడునుండియే బయలుదేరునవి గాన మెడకు తగిలిన దెబ్బ వానినంటదు. మిగిలిన యీ యొక్క శక్తితోనే చక్రముల కుర్చీని నడపవచ్చునని శాస్త్రము చూపుచున్నది. 1933లో నౌకాశ్రయమును, పిమ్మట ఉక్కు కర్మాగారమును పొంది, ఎత్తులెక్కి పనిచేయు కార్మికులతో వర్ధిల్లుచున్న విశాఖపట్టణమునకు ఇది చదివి మరువదగిన వింత కాదు.

ఇందలి మర్మము దుర్గ్రాహ్యము కాదు. కంటి ముందుభాగమునకును, వెనుకభాగమునకును నడుమ స్వల్పమైన విద్యుద్భేదము కలదు. బెర్లిను శాస్త్రజ్ఞుడు డ్యుబ్వా రేమాన్ దీనిని 1849లోనే చేపకంటియందు కనుగొనెను. చూపు ఒక డిగ్రీ మరలినచో కణతలవద్ద అంటించిన బిళ్లలకు అందు మార్పు ఇంచుమించు 20 మైక్రోవోల్టులు, అనగా వోల్టులో ఏబదివేలవ వంతు. దానిని పెంచి, వడగట్టి, కుర్చీ మోటార్లకు ఆజ్ఞగా పంపుదురు. కుడికి చూచిన కుడికి, ఎడమకు చూచిన ఎడమకు మరలును; బుద్ధిపూర్వకముగా రెండుమారులు రెప్పవాల్చిన నిలుచును.

అయినను చూచుట వేరు, ఆజ్ఞాపించుట వేరు. దారిన పోవు మిత్రుని చూచినంతనే కుర్చీ అటు పరుగెత్తరాదు. సముద్రతీరపు ఉక్కపోతలో చెమటకు బిళ్లలు ఊడరాదు. ఇంజనీరింగు విద్యార్థులు ఇట్టి నమూనాలను నిర్మించుచునే యున్నారు. కాని పరీక్ష ముగిసిన పిమ్మట అవి బీరువాలకెక్కుట మన విద్యకు శోభగాదు. రోగి యింటి గడప దాటించినప్పుడే అది యంత్రమనిపించుకొనును.

సామాన్యమైన కుర్చీకే నోచుకొనని పేదలున్నచోట ఇది ఆడంబరమని కొంద రనవచ్చును. చేతులున్నవానికి ఆ కుర్చీ చాలును. చేతులాడనివానికి మరియొక మార్గమేది? అతనిని త్రోయుటకు ఇంటిలో నొకరు కూలి మానుకొని కూర్చుండవలసినదే. ఒక్కని నిస్సహాయత ఇద్దరి జీవనోపాధిని హరించుచున్నది.

విశాఖకు లేని దేమి? 1923లో వెలసిన ఆంధ్ర వైద్య కళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు ఉన్నవి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయ మున్నది. 2020లో కోవిడు విపత్తునందు శ్వాసయంత్రములు చేయించిన మెడ్‌టెక్ జోన్ ఉన్నది. వైద్యపరికరములకై విదేశములవైపు చేయిచాచు దేశమున నిట్టి సంపద యొకేచోట నుండుట అరుదు. ఈ సంస్థలు రోగులను కూడ పిలిచికొని యొక్కచోట కూర్చుండవలెను. రేవును, కర్మాగారమును నడపువారు వ్యయభారము పంచుకొనవలెను. ప్రభుత్వమువారు పూనుకొని వీరిని కలుపుదురు గాక.

యంత్రము సిద్ధించినను దారి లేనిచో ఫలమేమి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బహిరంగ భవనములను వారికి సుగమముగా జేయుటకు, నియమములు వెలువడిన నాటినుండి ఐదేండ్ల గడువిచ్చెను. 2022లో గడువు తీరినది, పని తీరలేదు. దీనికి ప్రభుత్వము నొక్కదానినే నిందించి లాభము లేదు. సత్రములు, కల్యాణమండపములు, అంగళ్లు కట్టించు మన భూస్వాములును, పురప్రముఖులును మెట్లప్రక్కన నొక వాలుదారిని వేయించుటకు ఏ శాస్త్రజ్ఞుని కొరకును వేచియుండ నక్కరలేదు. అది నేడే మొదలిడదగిన పని.