చట్టమూ సంసారమూ: కంపెనీ పెట్టి కాంట్రాక్టు చేయదలచిన వారికి

ఉద్యోగ విరమణకు ఏడాది, రెండేళ్ల వ్యవధి ఉన్న సోదరుల నుండి ఈ శీర్షికకు తరచుగా అందే ప్రశ్న ఒకటున్నది. "ముప్పై ఏళ్లు పంపులతో, వాల్వులతో, కన్వేయరు బెల్టులతోనే గడిపాము. ఈ పని మాకు తెలిసినట్లు బయటివారికి తెలియదు. విరమణ తరువాత మేమే ఒక ప్రైవేటు లిమిటెడు కంపెనీ పెట్టి మరమ్మతు పనులకు టెండరు వేయరాదా?" అని. వేయవచ్చును. అయితే ఈ ప్రశ్న వెనుక సాధారణంగా రెండు నమ్మకాలు ఉంటాయి. కంపెనీ అన్న పేరుంటే పెద్ద పనులు వస్తాయన్నది ఒకటి, నష్టం వచ్చినా ఇల్లూ వాకిలీ భద్రమన్నది రెండవది. గ్రాట్యుటీ, భవిష్యనిధి సొమ్ము ముడిపడిన వ్యవహారం కనుక ఈ రెంటినీ కొంత నిదానంగా పరిశీలించదలచాము.

చట్టం దృష్టిలో కంపెనీ ఒక వ్యక్తి. దానిని పెట్టినవారు వేరు, అది వేరు. 1896లో ఇంగ్లండు ప్రభువుల సభ సాలమన్ అనే బూట్ల వ్యాపారి దావాలో స్థిరపరచిన సూత్రమిది. ఆయన తన వ్యాపారాన్ని తానే కంపెనీగా మార్చి, 20,007 వాటాలలో 20,001 తన పేరనే ఉంచుకొన్నాడు. మిగిలిన ఆరు వాటాలు భార్యాబిడ్డలవి. కంపెనీ కూలిపోయినపుడు దాని అప్పులకు ఆయన బాధ్యుడు కాడని తీర్పు వచ్చినది. మన 2013 కంపెనీల చట్టం కూడ ఇదే పునాదిపై నిలిచినది. ఇంతవరకు అందరికీ నచ్చే మాటే. కాని ఆ 'వేరు' అన్న మాట రెండు వైపులా పదునుగల కత్తి.

ముందుగా అనుభవం సంగతి. ముప్పై ఏళ్ల అనుభవం మీది. నిన్న పుట్టిన కంపెనీది కాదు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో సూచించిన ప్రమాణాల ననుసరించి టెండర్లలో సాధారణంగా కనిపించే షరతు ఇది: గత 7 సంవత్సరాలలో అటువంటి పనులు, అంచనా విలువలో 40 శాతానికి తక్కువ కానివి మూడు, లేదా 50 శాతానికి తక్కువ కానివి రెండు, లేదా 80 శాతానికి తక్కువ కానిది ఒకటి పూర్తిచేసి ఉండాలి. గత 3 ఏళ్ల సగటు టర్నోవరు అంచనాలో 30 శాతమైనా ఉండాలి. పని అంచనా 50 లక్షల రూపాయలనుకొందాము. 20 లక్షల పనులు మూడో, 25 లక్షల పనులు రెండో, 40 లక్షల పని ఒకటో చేసినట్లు ధ్రువపత్రం కావాలి. టర్నోవరు సగటున 15 లక్షలుండాలి. మన ఫోర్మనుగారి కొత్త కంపెనీ ఇవి ఎక్కడినుండి తేగలదు? ప్రభుత్వ గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు, సూక్ష్మ, చిన్న సంస్థలకు కొన్ని కొనుగోళ్లలో ఈ షరతుల సడలింపు ఉన్నది గాని, ఆ సడలింపు ఇచ్చినదీ లేనిదీ ఆయా టెండరు పత్రంలోనే చూచుకొనవలెను. అందువలన మొదటి రెండు మూడేళ్లు చిన్న పనులతోనో, పెద్ద కాంట్రాక్టరు క్రింద ఉప కాంట్రాక్టుతోనో గడుస్తాయని లెక్క వేసుకొనడం మేలు. ఉప కాంట్రాక్టు చేసినపుడు పని పూర్తయినట్లు ధ్రువపత్రం కంపెనీ పేరుతోనే తీసుకొనాలి. సొంత పేరుతో తీసుకొన్న పత్రం తరువాత కంపెనీకి అక్కరకు రాకపోవచ్చును.

ఇక ఇల్లూ వాకిలి. పని దొరికిన మరునాటి నుండి డబ్బు కావాలి. బిల్లు పాసయ్యే దాకా కూలివారి పొయ్యి ఆగదు కదా! ఉద్యం నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సరఫరాదారులకు 45 రోజులలోపు చెల్లించాలని, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం చెప్పుచున్నది. అయినా ఆ వడ్డీ కొరకు ఫిర్యాదు చేసే కొత్త కాంట్రాక్టరు ఎందరుంటారో పాఠకులే ఊహించగలరు. ఓవర్‌డ్రాఫ్టుకో, బ్యాంకు గ్యారంటీకో కంపెనీ బ్యాంకుకు వెళ్లుతుంది. ఆస్తిలేని కంపెనీని నమ్మి బ్యాంకు అప్పు ఇవ్వదు. డైరెక్టరును వ్యక్తిగత హామీ అడుగుతుంది, తరచు ఇంటి దస్తావేజులూ అడుగుతుంది. ఆ హామీ పత్రంపై సంతకం పడిన క్షణాన, ఆ అప్పు మేరకు, 'లిమిటెడు' అన్న మాటకు విలువ పోయినట్లే. అప్పుపడిన కంపెనీ దివాలా పరిష్కారం పొందినంత మాత్రాన హామీదారులు విముక్తులు కారని సుప్రీంకోర్టు 2021 మే మాసంలో తేల్చి చెప్పినది.

పన్నులలోను ఇదే ధోరణి. ప్రైవేటు కంపెనీ నుండి ఆదాయపు పన్ను గాని, జి.ఎస్.టి. గాని రాబట్టలేనపుడు, అందులో తమ అలక్ష్యం లేదని రుజువు చేసుకొనలేని డైరెక్టర్లే అది చెల్లించవలసి వస్తుంది.

కంపెనీ సొమ్ము కూడ మీది కాదు. అమ్మాయి పెళ్లికి కంపెనీ ఖాతానుండి 5 లక్షలు తీసి, మరుసటి బిల్లు రాగానే కట్టివేయవచ్చుననుకొనడం అతి సహజమైన ఆలోచన, అతి ప్రమాదకరమైనది కూడ. డైరెక్టరుకు అప్పు ఇవ్వరాదని చట్టం. డైరెక్టరు ముఖ్య వాటాదారు కూడ అయితే ఆ సొమ్మును డివిడెండుగా భావించి పన్ను వేయవచ్చును. జీతంగానో, లాభంపై పన్ను కట్టి డివిడెండుగానో మాత్రమే తీసుకొనాలి. సొంత పేరుతో చేసే చిన్న కాంట్రాక్టరుకు టర్నోవరు 2 కోట్ల లోపైతే, అందులో 8 శాతం లాభంగా చూపి లెక్కల బెడద తప్పించుకొనే వెసులుబాటున్నది; బ్యాంకు ద్వారా వచ్చిన రాబడికి 6 శాతమే. కంపెనీకి ఈ వసతి లేదు. టర్నోవరు ఎంత చిన్నదైనా ఛార్టర్డు అకౌంటెంటు చేత ఆడిట్ చేయించవలసినదే.

నమోదు ఈనాడు సులభమే. ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు చాలు. ఒక్కరే పెట్టుకొనే ఏకవ్యక్తి కంపెనీకి 2013 చట్టం దారి తెరచినది. కనీస మూలధన నిబంధన 2015లోనే తొలగిపోయినది. అసలు పని ఆ తరువాతనే. 30 రోజులలో ఆడిటరు నియామకం, 180 రోజులలో వ్యాపారారంభ ప్రకటన, ఏటేటా ఆర్థిక నివేదిక, వార్షిక రిటర్ను. ఈ వార్షిక పత్రాలు ఆలస్యమైతే ఒక్కొక్క దానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. పని రాలేదు గదా అని ఊరుకొంటే రెండు పత్రాలకు ఏడాదికి 73,000 అవుతుంది. వరుసగా మూడేళ్లు దాఖలు చేయని కంపెనీ డైరెక్టరు 5 ఏళ్లపాటు అనర్హుడు. 2017లో ఇట్లు 3 లక్షల మందికి పైగా డైరెక్టర్లు అనర్హులైనారు. పని రాని కంపెనీని వదిలివేయక, పేరు కొట్టివేయమని రిజిస్ట్రారుకు దరఖాస్తు చేసుకొనడం క్షేమం.

మా అభిప్రాయమడిగితే, ఇద్దరు ముగ్గురు పనివారితో జరిగే చిన్న పనికి సొంత పేరు, ఉద్యం నమోదు చాలు. ఎత్తుపై పని, పెద్ద యంత్రాలు, పదుల సంఖ్యలో కార్మికులు ఉన్నచోట కంపెనీ అవసరం. దానితోపాటు బీమా మరింత అవసరం.

ఇంకా సర్వీసులో ఉన్నవారికి ఒక ముఖ్య విషయం. ప్రభుత్వరంగ సంస్థల ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే ఉద్యోగి వ్యాపారం చేయరాదు, కంపెనీ స్థాపనలోగాని నిర్వహణలోగాని పాలుపంచుకొనరాదు. కుటుంబ సభ్యులు వ్యాపారంలో ఉంటే ఆ సంగతి యాజమాన్యానికి తెలుపవలెను. వారికి సంబంధించిన కాంట్రాక్టు కాగితం తన బల్లపైకి వస్తే తాను తాకరాదు. ఈ నియమం చదివి కొందరు శ్రీమతిగారి పేర కంపెనీ పెట్టి, పెత్తనం తాము చేస్తారు. పైన చెప్పిన హామీలు, బకాయిలు, అనర్హత అన్నీ అప్పుడు ఆమె మెడకు చుట్టుకొంటాయి. "ఆయన చెప్పిన చోటల్లా సంతకం పెట్టాను" అన్న సమాధానం బ్యాంకు దగ్గర చెల్లదు. ఈ పుటలు చదివే సోదరీమణులు, డైరెక్టరుగా సంతకం కోరి ఇంట్లో ఎవరైనా కాగితం ముందుంచితే, అది హామీ పత్రమా, ఎంత మొత్తానికి, ఏ ఆస్తిపై అన్న మూడు సంగతులు అడిగి తెలుసుకొన్న తరువాతనే కలము తీయవలెనని కోరుతున్నాము.