గూబ కూత కీడుకు కబురు కాదు

గత జనవరిలో బుచ్చయ్యపేటలోని బంధువుల ఇంట రెండు రాత్రులు ఉన్నాము. ఆ ఇంటి పెద్దావిడకు నాలుగు రోజులుగా జ్వరం, ఆయాసం. తెల్లవారగానే అనకాపల్లిలో వైద్యునికి చూపించాలని ఇషా నమాజు తరువాత నిశ్చయించి ఆటో మాట్లాడారు. అర్ధరాత్రి దాటాక పెరట్లోని చింతచెట్టు మీద గుడ్లగూబ కూసింది. ఇంటిల్లిపాదీ లేచారు. ఒకరు రాయి అందుకున్నారు. మరొకరు "ఈ కూత విన్నాక ప్రయాణం మంచిది కాదు, ఒక్కరోజు ఆగుదాం" అన్నారు. కాదన్నవారు లేరు. సిగ్గుతో చెబుతున్నాము, మేమూ మౌనంగానే ఉండిపోయాము. చివరకు మంచం మీది పెద్దావిడే నోరు విప్పారు: "నా ఆయువు అల్లాహ్ చేతిలో ఉంది బేటా, చెట్టు మీది పిట్ట చేతిలో లేదు. ఆటోను రానివ్వండి."

ఫజ్ర్ నమాజు చేసి బయలుదేరాము. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందనీ, ఇంకొక రోజు జాగు చేసి ఉంటే ప్రమాదమయ్యేదనీ వైద్యుడు అన్నారు. ఆ రాత్రి మా మౌనమే ఈ నెల ఈ మాటలు రాయిస్తున్నది.

గూబను చూసి జడవడం మన పల్లెలకే పరిమితమైనది కాదు. ఇస్లాంకు పూర్వం అరబ్బులలోనూ ఈ భయం ఉండేది. హత్యకు గురైనవాని ఆత్మ 'హామా' అనే గూబగా మారి, పగ తీరేవరకు దాహం దాహమని అరుస్తుందని వారు నమ్మేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ నమ్మకాన్ని పేరు పెట్టి మరీ తోసిపుచ్చారు. అపశకునం లేదని, హామా లేదని తెలిపే ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. శకునాలను పట్టించుకోవడం షిర్క్ కోవలోనిదని హెచ్చరించే హదీసును అబూదావూద్ నమోదు చేశారు. నమాజు తప్పని ఇళ్లలో సైతం గూబ కూతకు పనులు ఆగిపోతున్నాయంటే, ఆ అజ్ఞానకాలపు నీడ మన గడప దాటి పోలేదన్నమాట.

మరి చలికాలంలోనే ఈ కూత ఎందుకు ఎక్కువగా వినబడుతుంది? దీనికి కారణం పక్షి జీవితంలోనే ఉన్నది. మన పెరటి చెట్లలో తరచుగా కనబడేది జానెడు పొడవుండే చిన్న గూబ. గోధుమరంగు ఒంటిమీద తెల్లని చుక్కలు, బంగారు రంగు కళ్లు. పైడికంటె అన్న పాత పేరు ఆ కళ్లను బట్టి వచ్చినదే కాబోలు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఇది జతకట్టి, చెట్టు తొర్రలలో గుడ్లు పెట్టే కాలం. జంట ఒకదానినొకటి పిలుచుకుంటుంది, తన చోటును చాటుకుంటుంది. మనుషుల చావు బతుకుల ఊసు ఆ కూతలో లేదు. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం చింతచెట్టు తొర్రలోకి చూశాము. రెండు జతల పసుపు కళ్లు మమ్మల్ని తేరిపార చూశాయి.

పాత మేడలలో, బావి గోడల సందులలో ఉండే తెల్లముఖపు గూబ మరొకటి. చావుపిట్ట అని దీనిని ఆడిపోసుకుంటారు. దాని రెక్కల అంచున దువ్వెన పళ్లవంటి ఈకలు ఉండడం వల్ల ఎగిరినా సవ్వడి రాదు. దాని చెవులు ఒకటి ఎగువగా, ఒకటి దిగువగా ఉంటాయి. అందువల్ల కటిక చీకటిలోనూ ఎలుక ఎక్కడ కదిలిందో చెవితోనే కనిపెడుతుంది. చెరకు నరికి అనకాపల్లి బజారుకు బెల్లం వండే ఈ రోజులలో, వరి కుప్పలు కళ్లాల మీద ఉండే ఈ రోజులలో, ఎలుకలను పట్టే ఈ పిట్ట రైతుకు కూలి అడగని కాపలాదారు.

మన ఉత్తరాంధ్రకు చలికాలం అతిథుల కాలం కూడా. అచ్యుతాపురం సమీపంలోని కొండకర్ల ఆవలో ఈ నెలలలో వలస పక్షులు దిగుతాయి. గూబలలోనూ వలస వచ్చేవి ఉన్నాయి. ఐరోపా, ఆసియా ఖండాల ఉత్తర భాగాలలో పిల్లలను పెంచే పొట్టిచెవుల గూబ శీతాకాలంలో భారతదేశపు గడ్డి నేలలకు వస్తుంది. పగలు చెట్టెక్కక, నేలమీద గడ్డిలోనే దాగి ఉంటుంది. వేల మైళ్లు దాటి వచ్చే ఆ ప్రాణికి దారి చూపినది ఎవరు? రెక్కలు చాచుతూ ముడుచుకుంటూ ఎగిరే పక్షులను గమనించమని దివ్యఖుర్ఆన్ అల్ ముల్క్ సూరాలో మనల్ని ప్రశ్నిస్తున్నది. పక్షులూ మీవంటి సముదాయాలేనని అల్ అన్ఆమ్ సూరా బోధిస్తున్నది. శకునం వెదికే కన్ను ఈ సూచనను చూడలేదు.

కనుక తల్లిదండ్రులకు మా విన్నపం. పిల్లల చేతిలోని రాయిని కింద పెట్టించండి. సాయంత్రం వారిని చెట్టు దగ్గరకు తీసుకువెళ్లి ఎన్ని గూబలు ఉన్నాయో లెక్కపెట్టించండి. తొర్ర ఉన్న పాత చెట్టును వీలైనంతవరకు నరకకండి. పొలంలో కర్రలతో పక్షి స్థావరాలు నిలపండి. ఎలుకల మందు వాడకం తగ్గించండి, విషం తిన్న ఎలుకను తిన్న గూబ కూడా చావవచ్చు. గూబలను పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని ఇరుగు పొరుగుకు చెప్పండి.

పెద్దావిడ అల్లాహ్ దయవల్ల కోలుకున్నారు. దీనిని బట్టి గూబ కూత శుభమని కూడా అనుకోరాదు. ఆమె కోలుకోకపోయి ఉన్నా ఆ పిట్టకు దానితో ఏ సంబంధమూ ఉండేది కాదు. ఈ చలికాలం మీ చెట్టు మీద గూబ కూస్తే, దాని పని అది చేసుకుంటున్నదని తలచి, మీరు తలపెట్టిన పనికి బిస్మిల్లాహ్ అని బయలుదేరండి.