గిటారు వెళ్లిపోయినా పాట ఉంటుందా?



మన హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక జరిగే వాదనలు సాధారణంగా రెండే. ఒకటి పరీక్షలు, రెండు వానలు. ఈ ఏడాది మూడోది ఒకటి వచ్చి చేరింది. సుస్మిత్ సేన్ లేని ఇండియన్ ఓషన్ అసలు ఇండియన్ ఓషనేనా? ఇదీ మా గదిలో వాదన. గదిలో ముగ్గురం. ఒకడిది ప్రొద్దుటూరు, ఒకడిది పులివెందుల, నాది జమ్మలమడుగు పక్క పల్లె. ముగ్గురివీ మూడు దారులు. వార్డెను గారు రెండుసార్లు వచ్చి లైటు ఆర్పించారు గానీ వాదన మాత్రం ఆరలేదు.

తెలియని వారి కోసం నాలుగు మాటలు. 1990లో ఢిల్లీలో సుస్మిత్ సేన్ గిటారుతో, అషీమ్ చక్రవర్తి తబలాతో, గాత్రంతో మొదలుపెట్టిన బృందం ఇండియన్ ఓషన్. తర్వాత బేస్ గిటారుతో రాహుల్ రామ్, డ్రమ్స్‌తో అమిత్ కిలమ్ చేరారు. 2000లో వచ్చిన ‘కందీసా’ వారికి దేశమంతటా పేరు తెచ్చింది. 2009 డిసెంబరులో అషీమ్ కన్నుమూశారు. 2013లో సుస్మిత్ సేన్ బృందాన్ని వదిలి వెళ్లిపోయారు. ఆయన చోట నిఖిల్ రావు గిటారు పట్టుకున్నారు. అయినా బృందం ఆగలేదు. 2023లో ‘తూ హై’ అనే ఆల్బమ్ కూడా తెచ్చింది.

మా ప్రొద్దుటూరు మిత్రుడిది బంగారు అంగడి. ఏ మాటనైనా కాటాలో పెట్టి చూస్తాడు. “రేయ్, దసరాకు మా ఊర్లో ఆర్కెస్ట్రా పెడితే సందులన్నీ నిండిపోతాయి. మీ గిటారాయన పాటకు ఎవడన్నా ఈల ఏసినాడా? ఒక పాట అయ్యే లోపల బయటికి పోయి టీ తాగి రావచ్చు” అంటాడు.

పులివెందుల మిత్రుడిది చీనీ తోట. వాడు సుస్మిత్ భక్తుడు. “ఆ గిటారే ఆ బ్యాండు. ఆయన పోయినాక మిగిలింది ఎండిన బోరు మీద మోటారు. శబ్దం వస్తాది, నీళ్లు రావు” అని వాడి తీర్పు.

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కాకపోతే అసలు గిటారే మనది కాదు గదా అనే పెద్దలు కొందరున్నారు. ముందు వారికి సవినయంగా ఒక మనవి. వయొలిన్ మాత్రం మనదా? యూరపు నుంచి వచ్చిన ఆ వాద్యాన్ని ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరంలో మన ఇంటిదాన్ని చేశారు. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ మీద కర్ణాటక రాగాలు పలికించారు. వాద్యం ఏ దేశానిదని అడగటం కన్నా, అది ఎవరి గోడు చెప్పుతోందని అడగటం న్యాయం.

ఇక గిటారాయన గొప్పతనం సంగతి. సైన్సు విద్యార్థిగా నాకు తీగ అంటే ముందు సోనోమీటరు గుర్తొస్తుంది. తీగ పొడవు సగం చేస్తే పౌనఃపున్యం రెండింతలు. పొడవు మార్చకుండా రెండింతలు కావాలంటే బిగువు నాలుగింతలు చేయాలి. ఈ లెక్క మన ల్యాబులో అందరికీ వచ్చు. కానీ ఏ తీగను మోగనివ్వాలి, ఏ తీగను ఆపాలి అన్నది ఏ సూత్రంలోనూ లేదు. సుస్మిత్ సేన్ వేళ్ల వేగం చూపించి చప్పట్లు అడిగే మనిషి కాదు. కొన్ని తీగలను ఖాళీగా మోగనిచ్చి, తంబురా శ్రుతి మాదిరి నిలిపి, దాని మీద రాగాన్ని నిదానంగా నడుపుతారు. మడకలో ఎద్దులను అదిలించకుండా తోలే రైతు చెయ్యి అది. ఆ చెయ్యి వెళ్లిపోతే లోటు లేదనడం అబద్ధం. ఇంతవరకు నేను పులివెందుల పక్షమే.

తెలుగులోనూ ఇదే ప్రశ్న ఉంది. హైదరాబాదులో పుట్టిన చౌరస్తా బ్యాండు మన పల్లె మాటకు రెగ్గే దరువు కట్టింది. 2020లో కరోనా జాగ్రత్తల మీద వాళ్లు కట్టిన పాట మా పల్లెలో కూడా ఫోన్లలో మోగింది. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమా వైపు వెళ్లి 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రంలో పాడారు. పేరున్న గొంతు పోతే బ్యాండు ఏమవుతుందని అప్పుడూ అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు నాకు హాస్టల్లో దొరకలేదు. మా అవ్వ దగ్గర దొరికింది.

మా అమ్మను కన్న ఊరు గండికోట జలాశయం కింద మునిగిపోయింది. అవ్వ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో ఇండియన్ ఓషన్ వారి ‘మా రేవా’ ఫోన్లో పెట్టుకుని వింటున్నాను. రేవా అంటే నర్మద. ఆ నది ఒడ్డున జనం పాడుకునే పాట నుంచి వచ్చింది అది. రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవారు. అవ్వ కాసేపు విని, “ఊకె ఊకె ఒకే మాట అంటాండారు, యాందిరా అది?” అని అడిగింది. “ఒక ఏటి పేరవ్వా. కట్ట కడితే ఆ ఏటి పక్కన గూడా ఊర్లు మునిగినాయి” అన్నాను.

అవ్వ ఏమీ అనలేదు. కొంచెంసేపు అయ్యాక, బుడ్డల చేన్లో కలుపు తీసేటప్పుడు పాడుకునే పాట ఒకటి ఎత్తుకుంది. రెండు చరణాలు పాడి ఆగింది. మూడోది గుర్తు రాలేదు. “అది నాది గాదురా. ఇంకొకామె ఎత్తుకునేది, మేము అందుకునేటోళ్లం. వాళ్లంతా ఇప్పుడు యాడ ఉండారో!” అంది.

అప్పుడు నాకు తెలిసింది. ఆ కలుపు తీసే ఆడవాళ్లే ఒక బ్యాండు. ఒకామె ఎత్తుగడ, ఒకామె మలుపు, మిగిలినవాళ్లు వంత. ఊరు మునిగినప్పుడు నష్టపరిహారం లెక్కలో ఇల్లు, పొలం, చెట్లు రాసుకుంటారు. ఎవరి గొంతులో ఏ చరణం ఉందో ఎవరూ రాసుకోరు. సుస్మిత్ వెళ్లాక కూడా ఇండియన్ ఓషన్ పాటలు బతికే ఉన్నాయంటే, అవి ఒక్కరి దగ్గరే ఉండిపోలేదు గనక. పాటను పదిమందికి పంచటమే బ్యాండు గొప్ప. దానికి మొదటి తీగ బిగించటం గిటారాయన గొప్ప. ఒకదాని కోసం రెండోదాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

ఒక్క మాట చెప్పక తప్పదు. గండికోట నీళ్లను ఎత్తిపోసి పులివెందుల వైపు చిత్రావతి రిజర్వాయరుకు పంపుతారు. ఆ నీళ్లతో చీనీ చెట్లు బతుకుతాయి. నా మిత్రుడి మీద నాకు కోపం లేదు. ఎండిన చేను బాధ మా నాయనకూ తెలుసు. ఈ సంగతి చెప్పినప్పుడు వాడు చాలాసేపు గిటారు ముట్టుకోలేదు. తర్వాత, “మీ అవ్వ పాట ఒకసారి పాడు, శ్రుతి చూస్తా” అన్నాడు.

ప్రొద్దుటూరు మిత్రుడి ఆర్కెస్ట్రాకు కూడా నేను శత్రువును కాను. సినిమా పాటకు నేనూ ఎగిరినవాణ్ణే. కానీ మన వార్షికోత్సవం అంటే మూడు గంటలూ సినిమా పాటేనా? యూనియన్ వారిని కోరేది ఒక్కటే. వచ్చే ఏడు ఒక అరగంట సొంత పాటలకు ఇవ్వండి. ఈలలు పడకపోతే పడకపోనీ. ఈ వేసవికి ఇంటికి పోయే ప్రతి విద్యార్థీ తన అవ్వ దగ్గరో జేజి దగ్గరో ఒక్క పాటైనా ఫోన్లో రికార్డు చేసుకుని రావాలి. చెక్కభజన పాటైనా సరే, కోలాటం పాటైనా సరే.

మా గదిలో ఒక పాత గిటారు ఉంది. ఆరు తీగల్లో ఒకటి తెగింది, అది అంగట్లో దొరుకుతుంది. మా అవ్వ పాటలో మూడో చరణం మాత్రం ఏ అంగట్లోనూ దొరకదు. మునక ఊళ్ల నుంచి వచ్చి మన కాలేజీలో చదువుతున్న వారెవరైనా ఈ సంచిక చదువుతుంటే ఒకసారి మా గదికి రండి. మీ ఇంట్లో ఎవరికైనా అది గుర్తుండవచ్చు.

– ఒక విద్యార్థి, బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం