పారాచూట్ పనికిరాని చోట

2019 సెప్టెంబర్ 7. అర్ధరాత్రి దాటి రెండు కావస్తోంది. రూమ్‌లో నలుగురం ఒకే ఫోన్ చుట్టూ మూగాం. స్క్రీన్ మీద గీత వెంబడే దిగుతున్న పచ్చ చుక్క కాస్త పక్కకి జరిగింది, ఆగిపోయింది. చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ నుంచి ఇక సిగ్నల్ లేదు.

‘పారాచూట్ కట్టొచ్చుగా?’ అన్నాడు ఒకడు. పారాచూట్ తెరుచుకుని ఆగాలంటే గాలి కావాలి. చంద్రుడి మీద అదే లేదు. ఉన్న ఒక్క బ్రేకు ఇంజినే. వెళ్తున్న వైపుకే మంట చిమ్ముతూ వేగం తగ్గించుకోవాలి.

దిగడం అంటే పైనుంచి కిందికి పడటం అనుకుంటాం కదా? 30 కిలోమీటర్ల ఎత్తులో ల్యాండర్ పడట్లేదు, అడ్డంగా దూసుకుపోతోంది. గంటకు 6 వేల కిలోమీటర్ల పైమాటే! ముందు ఆ వేగాన్ని చంపాలి, తర్వాత నిటారుగా తిరగాలి, అప్పుడు మెల్లగా కాళ్లు ఆనించాలి. ఇదంతా ఇరవై నిమిషాల లోపే. భూమి నుంచి నడిపిద్దామంటే సిగ్నల్ వెళ్లి రావడానికే రెండున్నర సెకన్లు. అందుకే నిర్ణయాలన్నీ లోపలున్న కంప్యూటర్‌వే.

మరి విక్రమ్‌కి ఏమైంది? 2023లో అప్పటి ఇస్రో చైర్మన్ సోమనాథ్ వివరించారు. ఇంజిన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోశాయి. ఫొటోల కోసం కదలకుండా ఉండాల్సిన దశలో ఆ తేడాలు పోగుపడ్డాయి. తర్వాత సరిచేసుకోవడానికి చాలా వేగంగా తిరగాల్సొచ్చింది. కానీ అంత వేగం అవసరమవుతుందని ఎవరూ ఊహించలేదు, సాఫ్ట్‌వేర్‌లో దానికి లిమిట్ ఉంది. పైగా దిగాల్సిన చోటు 500 మీటర్లకి 500 మీటర్లే.

ఆ లిమిట్ సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. ‘ఇంతకంటే ఎక్కువ రాదులే’ అనుకుని నేనూ ఎన్ని చోట్ల నంబర్లు పెట్టానో! నావి క్రాష్ అయితే రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

చంద్రయాన్-3కి ఆలోచనే తిరగేశారు. ఏమేం చెడిపోవచ్చో ముందు రాసుకుని, అవి చెడినా దిగేలా తయారుచేశారు. ఇంధనం పెంచారు, కాళ్లు గట్టిపరిచారు, వేగం కొలిచే లేజర్ సెన్సర్ పెట్టారు. దిగే చోటు 4 కిలోమీటర్లకి 2.4 కిలోమీటర్లు చేశారు. అయిదు ఇంజిన్లని నాలుగు చేశారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, తీసేయడానికి కూడా ధైర్యం కావాలి మరి.

2023 ఆగస్టు 23 సాయంత్రం ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నా. మైక్ మ్యూట్‌లో, ఫోన్‌లో లైవ్. 150 మీటర్ల ఎత్తులో ల్యాండర్ ఆగి, కింద రాళ్లేమైనా ఉన్నాయా అని చూసుకుంది. నా కళ్లు మాత్రం చుక్క గీత తప్పుతుందేమోనన్న దాని మీదే. 6 గంటల 4 నిమిషాలకి దిగింది. మీటింగ్‌లో ఎవరో మ్యూట్ తీయకుండానే ఈల వేసినట్టున్నారు, స్క్రీన్ మీద మూతి సున్నాలా కనిపించింది.