బిడ్డ నడకకు తగ్గ పండుగ



క్రిస్మస్ దగ్గర పడుతోందంటే గూడెం కొత్తవీధి వచ్చే బస్సుల్లో చంటిబిడ్డల సంఖ్య పెరుగుతుంది. విశాఖపట్నంలోనూ నర్సీపట్నంలోనూ పనులు చేసుకుంటున్న కొడుకులు, కూతుళ్లు లంబసింగి ఘాట్ ఎక్కి కన్నవారి ఇళ్లకు వస్తారు. ఆ వెనుకే సంక్రాంతి, చైత్రంలో ఇటుకల పండుగ. పేరు ఏదైనా, ఇంట్లో ఏడాదికీ రెండేళ్లకూ మధ్య వయసు బిడ్డ ఉంటే ఆ ఇంటికి అసలు పండుగ ఆ బిడ్డే. అటువంటి ఇళ్ల గురించే ఈసారి మేము నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆదికాండము 33వ అధ్యాయంలో ఒక ప్రయాణం ఉంది. చాలా ఏళ్ల తరువాత కలుసుకున్న అన్న ఏశావు, కలిసి వెళ్దాం రమ్మంటాడు. తమ్ముడు యాకోబు ఒప్పుకోడు. తన పిల్లలు చిన్నవారనీ, వారు నడవగలిగినంత మెల్లగానే తాను వస్తాననీ చెప్పి అన్నను ముందు పంపిస్తాడు. అన్న ఏమనుకుంటాడో అని మొహమాటపడలేదు. తన పిల్లల నడక ఎంతో అతనికి తెలుసు గనుక ఆ మాట అనగలిగాడు.

మా అభిప్రాయం కూడా ఇదే. పండుగ బిడ్డ నడకను బట్టి సాగాలి గాని, బిడ్డ పండుగను బట్టి పరుగెత్తకూడదు. అయితే బిడ్డ నడక ఎంతో తెలియాలంటే ముందు బిడ్డను చూడాలి. ఎత్తుకోవడం, ముద్దాడడం మాత్రమే చూడడం కాదు.

అరిసెల వెనుక ఉన్న తెలివి

ఎదుగుదలను గమనించడం మనకు కొత్త విద్య కాదు. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు, గడప దాటితే గారెలు పంచడం తెలుగు ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఇస్సాకు పాలు విడిచిన రోజున అబ్రాహాము గొప్ప విందు చేసినట్టు బైబిలులోనూ చదువుతాం. వండేది ఏదైనా, దాని వెనుక ఉన్న తెలివి ఒక్కటే. బిడ్డ ఎప్పుడు ఏమి చేసిందో ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకూ తెలియాలి. అరిసెలు ఇంకా పంచలేదంటే అడుగులు ఇంకా పడలేదని వీధికంతటికీ తెలిసేది.

ఈనాడు ఆ లెక్క మాతాశిశు సంరక్షణ కార్డులో అచ్చువేసి ఉంది. బిడ్డ ఏ నెలలో ఏమి చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. కాని ఆ కార్డు టీకాల రోజున తప్ప పెట్టెలోంచి బయటకు రాదు. పండుగకు ఊరు వచ్చేటప్పుడు బిడ్డ కొత్త గౌను మరువరు, కార్డు మరుస్తారు. రెండూ ఒకే సంచిలో పెట్టుకోవాలని మా మనవి. 16 నుంచి 24 నెలల మధ్య వేయవలసిన తట్టు, రుబెల్లా రెండవ మోతాదు, డీపీటీ బూస్టర్ వంటివి ఊళ్లో ఉన్న రోజుల్లోనే గడువుకు వస్తే, కార్డు చూపించి ఇక్కడే వేయించుకోవచ్చు. పండుగ కోసం టీకా వాయిదా వేయనక్కర లేదు.

పోల్చే మాట

చుట్టాలు పదిమంది చేరగానే రెండు రకాల మాటలు వినబడతాయి. మొదటిది పోల్చే మాట. "మీ అక్క కొడుకు పదో నెలకే నడిచాడు, వీడికి పదమూడు నిండినా గోడ పట్టుకునే ఉన్నాడేమే?" అంటారు. అన్నవారికి అది అప్పటికప్పుడే మరుపు. విన్న తల్లికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి అయిదు దేశాల బిడ్డలను చూసి 2006లో ఇచ్చిన లెక్క ఇక్కడ చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలలో ఒంటరిగా నడక అనేది 8 నెలలు దాటినప్పటినుంచి పదిహేడున్నర నెలల లోపు ఎప్పుడైనా వచ్చింది. నూటికి నలుగురు బిడ్డలైతే మోకాళ్ల మీద పాకకుండానే లేచి నడిచారు. కాబట్టి పదో నెలలో నడిచిన బిడ్డ గొప్పా కాదు, పదిహేనో నెలలో నడిచిన బిడ్డ తక్కువా కాదు.

ఈ పోలిక పుణ్యమా అని మేనమామ సంతలోనుంచి చక్రాల వాకరు తెస్తాడు. బిడ్డను అందులో కూర్చోబెడితే కాలి మునివేళ్లతో నేలను తన్నుకుంటూ దొర్లుతుందే తప్ప నడక నేర్చుకోదు. పెద్దలు తేరుకునే లోపు పొయ్యి దగ్గరకో అరుగు అంచుకో చేరుతుంది. కెనడా దేశం 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. మన వడ్రంగులు చేసే మూడు చక్రాల చెక్కబండి వేరు. అందులో బిడ్డ కూర్చోదు. తన కాళ్ల మీద తాను నిలబడి దానిని తోసుకుంటూ పోతుంది. పక్కన ఒక పెద్దమనిషి ఉంటే చాలు. మేనమామలు కానుక తేదలిస్తే అది తెచ్చిపెట్టండి.

సర్దిచెప్పే మాట

రెండవది సర్దిచెప్పే మాట. ఇది ప్రేమతో వస్తుంది గనుక మాకు దీని గురించే ఎక్కువ భయం. "మా వంశంలో అందరికీ మాటలు ఆలస్యమే. వీళ్ల నాన్నకు నాలుగేళ్లకు వచ్చాయి" అని నాన్నమ్మ అంటుంది. "మగపిల్లలు అంతే" అని మేనత్త అంటుంది. తల్లి మనసులో ఉన్న అనుమానం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. పది మంది పెద్దలు ఏమీ కాదంటుంటే కోడలు ఏమని ఎదురు చెబుతుంది? అలా ఒక పండుగ గడిచి మరో పండుగ వస్తుంది. వినికిడి లేని బిడ్డకు ఆ ఏడాది ఎంత విలువైనదో మా ఓ.పి.లో కూర్చుంటే తెలుస్తుంది. మాటలు నేర్చుకునే వయసు చెవి కోసం కాచుకుని ఉండదు.

నెమ్మదిగా నడిపించడం వేరు, చూడకుండా వదిలేయడం వేరు. ఈ గుర్తులు ఉంటే "చూద్దాంలే" అనకుండా డాక్టరుకు చూపించండి.

ఏడాది నిండినా బిడ్డ "బాబ్బా, తాత్తా" వంటి శబ్దాలు చేయకపోవడం, వేలుపెట్టి చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం.

వెనుక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం. పిలిచేటప్పుడు బిడ్డకు మీరు కనబడకూడదు.

16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, రెండేళ్లకు "అమ్మ రా", "పాలు కావాలి" వంటి రెండు మాటలు కలపకపోవడం.

18 నెలలు నిండినా ఒంటరిగా నడవకపోవడం.

ఏ వయసులోనైనా, వచ్చిన మాటలు గాని నడక గాని మళ్లీ పోవడం. ఇది ఒక్క వారం కూడా ఆగవలసినది కాదు.

మాటల విషయంలో మన కొండలకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. తాతగారి ఇంట్లో కువి, కొన్ని ఇళ్లలో ఆదివాసీ ఒరియా, మరికొన్ని ఇళ్లలో కోయ, బయట తెలుగు. పట్నంలో పెరుగుతున్న మనుమడు పండుగకు వచ్చి నోరు విప్పకపోతే, "రెండు భాషలు కలిపి బిడ్డను పాడు చేశారు, ఇంట్లో తెలుగే మాట్లాడండి" అని సలహా ఇచ్చేవారున్నారు. ఈ సలహా తప్పు. రెండు భాషలు వినడం వల్ల బిడ్డకు మాటలు రాకుండా పోవు. నాన్నమ్మ భాషలో అయిదు మాటలు, తెలుగులో ఆరు మాటలు వస్తే ఆ బిడ్డకు పదకొండు మాటలు వచ్చినట్టే లెక్క. కాని రెండింటిలోనూ మాట లేకపోతే మాత్రం భాష మీద నెపం పెట్టి ఊరుకోకూడదు.

మరొక సర్దుబాటు మాట "దిష్టి తగిలింది" అన్నది. పట్నం నుంచి వచ్చిన బిడ్డ ఒకటే ఏడుపు. కొత్త చోటు, కొత్త ముఖాలు, చలి. చాలాసార్లు కారణం అంతే. అయినా చేతులూ పాదాలూ తడిమి చూడండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు చేతుల మీద, పాదాల మీద వాపు వచ్చి, ముట్టుకుంటే ఏడుస్తుంటే అది సికిల్ సెల్ రక్తహీనతకు తొలి గుర్తు కావచ్చు. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ బిడ్డకు వచ్చే రక్తపు జబ్బు. గిరిజన కుటుంబాలలో ఎక్కువగా కనబడుతుంది. చలి, ఒంట్లో నీరు తగ్గడం ఈ నొప్పిని రేపుతాయి. డిసెంబరులో మన చింతపల్లి, లంబసింగి చలి ఎటువంటిదో వేరే చెప్పాలా? కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బును గుర్తించి అరికట్టడానికి 2023 జూలై 1న ఒక జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. రక్తపరీక్షతో జబ్బు తెలిసిపోతుంది. తెలిస్తే మందులున్నాయి, జాగ్రత్తలున్నాయి. తెలియకపోతేనే ప్రమాదం.

అందరూ ఉన్న ఇల్లు

లూకా సువార్త రెండవ అధ్యాయంలో మరియ, యోసేపు పస్కా పండుగ ముగించుకుని తిరిగి వస్తూ, యేసు చుట్టాల గుంపులో ఉన్నాడనుకుని ఒక రోజు ప్రయాణం చేసేశారు. అంత శ్రద్ధగల తల్లిదండ్రులకే అలా జరిగింది. పండుగ ఇంట్లో జరిగేది ఇదే. అందరూ ఉన్నారు గనుక ఎవరో ఒకరు చూస్తున్నారనుకుంటారు. నెగడు దగ్గర కాలిన బిడ్డలు, వేడి అంబలి కుండ మీదికి లాగుకున్న బిడ్డలు, వేరుశనగ పలుకో రాజ్‌మా గింజో గొంతుకు అడ్డం పడిన బిడ్డలు ఒంటరి ఇళ్ల నుంచి కాదు, నిండు ఇళ్ల నుంచే వస్తారు. అందుచేత పూటకు ఒక మనిషిని నియమించండి. పొద్దుట చిన్నాన్న, మధ్యాహ్నం అత్త, సాయంత్రం తాత. ఆ పూటకు బిడ్డ వారి బాధ్యత. తల్లికి కూడా కాస్త ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది.

తిండి విషయంలోనూ బిడ్డ గడియారమే నడవాలి. ఈ వయసులో తల్లిపాలతో పాటు రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి పెట్టాలి. విందు మధ్యాహ్నం మూడింటికి వడ్డించినా బిడ్డ ముద్ద పదకొండింటికే తయారుగా ఉండాలి. మెత్తగా కాచిన చోడి అంబలి, బాగా ఉడికించి మెదిపిన రాజ్‌మా, గుడ్డు, అరటిపండు. మన కొండ మీద దొరికేవే చాలు. రంగు నీళ్లు, చిప్స్ పొట్లాలు బిడ్డ చేతిలో పెట్టి ముద్దు చేయవద్దు. చుక్క కల్లు నాకిస్తే హాయిగా పడుకుంటుందనే మాట ఎంత పెద్దవారు చెప్పినా వినవద్దు. రాత్రి పడక ఎక్కడ మారినా దోమతెర మాత్రం మారకూడదు. జ్వరం వస్తే పండుగ అయ్యేదాకా ఆగకుండా అదే రోజు ఆశా కార్యకర్తతో మలేరియా పరీక్ష చేయించండి.

తల్లిని అడగండి

"పండుగ పూట కూడా మీ ఆసుపత్రి గోల ఏమిటి? నాలుగు రోజులు సంతోషంగా ఉండనివ్వరా?" అని కొందరికి అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పండుగను పరీక్షా కేంద్రం చేయమని మేము అనడం లేదు. బిడ్డను నిలబెట్టి అందరి ముందూ మాటలు పలికించమని అంతకంటే అనడం లేదు. బిడ్డతో ఆడుకోండి. ఆ ఆటలోనే అన్నీ తెలుస్తాయి. దాగుడుమూతలాడి వెనుక నుంచి పిలవండి. బంతి దొర్లించి తెమ్మనండి. చందమామ ఎక్కడో చూపించమనండి. నవ్వుకుంటూనే బిడ్డ చెవి, కాలు, మాట మూడూ మీకు తెలిసిపోతాయి.

తేడా కనబడితే దానిని పంక్తిలో చెప్పవద్దు. తల్లిని పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడండి. తప్పు ఆమెది కాదని ముందు చెప్పండి. తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, మా ఆసుపత్రికో ఆమెతో పాటు మీరూ రండి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ మొదలు 18 ఏళ్ల వరకు ఎదుగుదల లోపాలకు ఉచితంగా పరీక్షలు, వైద్యం ఉన్నాయి. వినికిడి యంత్రం గాని, వ్యాయామ చికిత్స గాని ఎంత త్వరగా మొదలైతే బిడ్డ అంతగా అందుకుంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆమడ దూరం పెరుగుతుంది.

చివరిగా అమ్మమ్మలకు, నాన్నమ్మలకు మా మనవి. ఇంట్లో మీ మాట చెల్లుతుంది. మీరు "ఏమీ కాదులే" అంటే ఆ ఇంట్లో ఇక ఎవరూ అడగరు. మీరు అడగమంటే అందరూ అడుగుతారు. అరిసెలు తప్పక వండండి. పాకం పట్టే ముందు ఒక్కసారి మీ కూతురినో కోడలినో దగ్గర కూర్చోబెట్టుకుని, "బిడ్డ విషయంలో నీకేమైనా అనుమానం ఉందా, అమ్మా?" అని అడగండి. ఆమె చెప్పేదాకా ఆగండి. చెప్పింది కొట్టిపారేయకండి.

మీ ఇంటి బిడ్డలు వయసుతో పాటు ఆరోగ్యంలోనూ, జ్ఞానంలోనూ ఎదుగునట్లు ప్రభువు దీవించును గాక.