క్రిమి కాపురం యంత్రంలో, నింద కార్మికురాలిపైన



విశాఖపట్నం, కాకినాడ, భీమవరం ప్రాంతాల రొయ్యల ఫ్యాక్టరీల ఊసు రైల్వే, తపాలా ఉద్యోగులకు ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. చివరివరకు చదివిన మీదట ఆ ప్రశ్న మిగలదని మా విశ్వాసం.

సరుకులో క్రిములు కనబడిన ప్రతిసారీ యాజమాన్యాల వేలు ముందుగా రొయ్యలు ఒలిచే స్త్రీలవైపే చూపుతుంది. చేతులు కడుగుకొనలేదట, తొడుగులు వేసుకొనలేదట! వ్యక్తిగత పరిశుభ్రత అవసరమే, మేము కాదనము. కాని ఒకే ఫ్యాక్టరీలో ఒకే క్రిమి ఏళ్ల తరబడి మరల మరల బయటపడుతున్నదంటే అది వచ్చిపోయే అతిథి కాదు. లోపలనే స్థిరనివాసం ఏర్పరచుకొన్నదన్నమాట.

లిస్టీరియా మోనోసైటోజీన్స్ అటువంటి క్రిమి. గర్భస్థ శిశువులకు, వృద్ధులకు ప్రాణాంతకం. మంచుపెట్టె చలిలోనూ పెరుగుతుంది, గడ్డకట్టించినా చావదు. మురుగు కాలువలలో, కన్వేయర్ బెల్టుల కీళ్లలో, గచ్చు బీటలలో జిగురుపొర అల్లుకొని దాగుతుంది. ఆ పొరమీద క్లోరిన్ నీళ్లు చల్లి ప్రయోజనం లేదు.

విరుగుడు తెలియనిది కాదు. యంత్రాన్ని ఆపి, విడదీసి, సబ్బునీటితో రుద్ది కడగాలి. ఆ తరువాతనే క్రిమిసంహారకం వాడాలి. ఆపైన ఆరబెట్టాలి. కాలువలనుండి నమూనాలు తీసి పరీక్షించాలి. ఇందుకు కావలసినవి సమయం, అనుభవం గల మనుషులు. యాజమాన్యాలకు రుచించనివీ ఇవే! యంత్రం ఆగిన గంట లాభం ఆగిన గంట కదా! అందుచేత కాంట్రాక్టరు తెచ్చిన కొత్తవారి చేతికి రాత్రివేళ పైపు ఇచ్చి తొందరపెడతారు. ఉధృతంగా కొట్టిన నీరు కాలువలోని క్రిమిని తుంపరలుగా బల్లలమీదికి ఎగజిమ్ముతుంది.

పరిశుభ్రతకు ఖర్చెక్కువని వాదించేవారు 1997 ఆగస్టును జ్ఞప్తికి తెచ్చుకోవాలి. ఫ్యాక్టరీల పరిశుభ్రతా లోపాలను ఎత్తిచూపి యూరోపియన్ యూనియన్ మన సముద్రోత్పత్తుల దిగుమతిని నిలిపివేసింది. ఎగుమతి ఆగిననాడు మొదట పస్తుండేది రోజుకూలీయే.

చట్టమైనా అండగా ఉన్నదా? వృత్తిపర భద్రత, ఆరోగ్యంపై 2020లో పార్లమెంటు ఆమోదించిన కోడ్ ప్రధాన కార్యకలాపాలలో కాంట్రాక్టు కార్మికులను నిషేధిస్తూనే, పారిశుద్ధ్యం పనిని ఆ ప్రధాన కార్యకలాపాల లెక్కనుండి తొలగించింది. ఆహారం తయారుచేసే చోట శుభ్రత ప్రధానం కాకుంటే మరేది ప్రధానం?

ఈ వాదన మనకు కొత్తది కాదు. రైలు బోగీల శుభ్రతను కాంట్రాక్టర్లకు అప్పగించింది ఈ వాదనతోనే. తపాలా కార్యాలయాలు ఊడ్చేవారిని ఏళ్ల తరబడి కంటింజెంట్ సిబ్బందిగా ఉంచిందీ ఈ వాదనతోనే.

కనుక మన డిమాండ్లు స్పష్టం. శుభ్రపరిచే గంటలను వేతనంతో కూడిన పనిగంటలుగా నిర్ణయించాలి. ఆ పనికి శిక్షణ పొందిన పర్మనెంటు సిబ్బందిని నియమించాలి. పరీక్షల ఫలితాలను కార్మికుల ముందుంచాలి. లోపాన్ని ఎత్తిచూపినవారిని తొలగించరాదు.

క్రిమిని వదిలి కార్మికురాలిని వేటాడే న్యాయాన్ని మనం అంగీకరించము!