అమ్మది ఏ ఇంటిపేరు?

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు దాటింది. ఖాతా తెరవడానికి వచ్చినవాళ్ళను "తల్లి పేరు? పెళ్ళికి ముందు ఆమె ఇంటిపేరు?" అని అడిగి ఫారం నింపించడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఎన్ని వేలమందిని అడిగానో నాకే లెక్కలేదు. పోయిన ఏడాది అదే ప్రశ్న నన్నొక పద్నాలుగేళ్ళ పిల్ల అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

ఆ పిల్ల మా అక్క కూతురి కూతురు. టెక్సాస్‌లో తొమ్మిదో తరగతి. బడిలో స్పానిష్ తీసుకుంది. "కుటుంబం" అనే పాఠం వచ్చింది. కొత్తగా స్పానిష్ నేర్చుకునేవాళ్ళకు మొదట్లోనే వచ్చే పాఠాల్లో అదొకటి. పాఠంతోపాటు ఇంటిపని ఇచ్చారు: వంశవృక్షం గీయాలి, ఇంట్లో పెద్దవాళ్ళను ఒకరిని పది ప్రశ్నలడగాలి, జవాబులు స్పానిష్‌లో రాసుకెళ్ళాలి. ఆ పిల్ల హోసూరు దగ్గర పల్లెలో ఉన్న వాళ్ళ అవ్వకు ఫోను చేసింది. పిల్లకు తెలుగు రాదు. అవ్వకు ఇంగ్లీషు రాదు. మధ్యలో దుబాసీగా నన్ను కూర్చోబెట్టారు. అక్క తెలుగులో చెప్తే నేను ఇంగ్లీషులో చెప్పాను, ఆ పిల్ల స్పానిష్‌లో రాసుకుంది. మా ఇంటి కథ అవ్వ నోటినుంచి మనవరాలి నోటుబుక్కులోకి పోవడానికి రెండు పరాయి భాషలు దాటవలసి వచ్చింది.

"రెండు ఇంటిపేర్లు కావాలి తాతా. నాన్నవైపుది ఒకటి, అమ్మవైపుది ఒకటి" అంది. స్పానిష్‌వాళ్ళ పద్ధతి అది. గాబ్రియేల్ గార్సియా మార్కెస్ అనే రచయిత పేరులో గార్సియా తండ్రిది, మార్కెస్ తల్లిది. చిత్రకారుడు పికాసో తండ్రి ఇంటిపేరు రూయిస్. లోకమంతా ఆయన్ను పిలిచే పికాసో అన్నది ఆయన తల్లివైపు పేరు. స్పెయిన్‌లో ఆడపిల్ల పెళ్ళయినా పేరు మార్చుకోదు. 1999 చట్టం తర్వాత, తలిదండ్రులు ఒప్పుకుంటే, తల్లి పేరునే ముందు పెట్టుకోవచ్చు.

నాన్నవైపుది చెప్పాను. అమ్మవైపుది అడిగేసరికి నోరు పెగల్లేదు. అమ్మ పోయి పన్నెండేళ్ళు. పక్కనుంచి అక్క చటుక్కున చెప్పేసి, "ఇది కూడా తెలీకుండా బ్యాంకులో ఏం వెలగబెడతావురా?" అంది. ఆ పేరు ఇక్కడ రాసి మా మేనమామలను పత్రికకెక్కించను. అదొక ఊరి పేరు, ఆ ఊరు అనంతపురం వైపు ఉంది అని మాత్రం చెప్తాను. అమ్మవాళ్ళు ఎటునుంచి వచ్చారన్న సంగతికి ఒక ఆనవాలు ఇన్నేళ్ళూ మా అక్క నాలుకమీదే ఉంది. నేనే అడగలేదు. నన్ను అడగమని ఏ తెలుగు పంతులూ చెప్పలేదు. నా తగాదా అంతా ఇక్కడే.

'అ' అంటే అమ్మ అని మొదలుపెడతాం మనం. అంతకంటే మంచి మొదలు లేదు. కాని ఆ అమ్మ ఏ ఊరి పిల్ల, ఏ ఇంటి పిల్ల, ఆమెను కన్నతల్లి పేరేమిటి అని పిల్లవాణ్ణి ఒక్కనాడైనా అడుగుతామా? వెంటనే 'ఆ' అంటే ఆవు అని పరుగెత్తుతాం. పరాయి భాష పాఠం మా పిల్లను రెండోవారంలోనే అవ్వ దగ్గరకు పంపింది. నా తెలుగు చదువు పన్నెండేళ్ళలో నన్ను మా అవ్వ దగ్గరకు ఒక్కసారి పంపలేదు.

మా ఇంట్లో ఏం జరిగిందో చూడండి. తాత రాయించిన క్రయపత్రం ఒకటి నా దగ్గరుంది, తెలుగు లిపిలో. అందులో ఆయన ఇంటిపేరు పూర్తిగా ఉంది. మా నాన్న సర్టిఫికెట్టులో అది ఒక ఇనీషియల్‌గా కుదించుకుపోయింది. తమిళనాడు వాడుక ప్రకారం నా సర్టిఫికెట్టులో అదీ పోయి నాన్న పేరు మొదటి అక్షరం వచ్చి కూర్చుంది. టెక్సాస్‌లో మా మనవరాలు తన ఇంటిపేరు అనుకొంటున్నది అసలు ఇంటిపేరే కాదు, వాళ్ళ నాన్న పాస్‌పోర్టు తీసినప్పుడు ఆ గడిలో రాసిన వాళ్ళ తాత పేరు. ఈ గడి తంటా మా కౌంటరు దగ్గర రోజూ ఉంటుంది. "ఇంటిపేరు రాయండి" అంటే మనవాళ్ళు నా మొహం చూస్తారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది తేలికైంది కాదు. ఇంటిపేరు తవ్వితే కులం బయటపడుతుంది, అది వద్దనే కదా తమిళనాట పేర్లు కత్తిరించుకున్నది అంటారు. నిజమే. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ కులం తోకలు వదిలేయాలని తీర్మానించింది. గొప్ప తీర్మానం, నేను తలవంచుతాను. మరి మనవాళ్ళు చేసిందేమిటి? పెళ్ళి శుభలేఖలు తీసి చూడండి. కులం తోక నిక్షేపంగా ఉంది, పోయింది ఇంటిపేరే. వదలవలసినదాన్ని ఉంచుకొని, ఉంచుకోవలసినదాన్ని వదిలారు. ఇంటిపేరుతో కులం పోల్చేవాళ్ళు ఉన్నారన్నది కాదనను. అందుకే నేను దాన్ని బోర్డుకెక్కించమనడం లేదు, తెలుసుకోమంటున్నాను. స్పానిష్‌వాళ్ళను చూసి సిగ్గుపడవలసింది ఇంకొకటి కూడా ఉంది. మన ఆచారంలో పెళ్ళినాడే ఆడదాని ఇంటిపేరు మారిపోతుంది. మా అమ్మ పేరు నేను మరిచిపోవడానికి తమిళనాడు కారణం కాదు, మనమే.

ఇక వరసలు. మా పిల్ల పటంలో చిక్కు పడింది. స్పానిష్‌లో బాబాయి, పెదనాన్న, మేనమామ అందరూ 'తీయో'లే. బావ, అన్న, మేనత్త కొడుకు, పెద్దమ్మ కొడుకు అందరూ 'ప్రీమో'లే. బావకూ అన్నకూ తేడా లేకపోతే మన ఇళ్ళలో సగం పెళ్ళిళ్ళు ఎట్లా జరిగాయో చెప్పలేం. అట్లాగని మనకే అన్నీ ఉన్నాయని విర్రవీగనక్కర్లేదు. ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పలేని మన 'వియ్యంకుడు' స్పానిష్‌లో 'కొన్‌సుయెగ్రో'గా హాయిగా ఉన్నాడు. తోడల్లుడు 'కొన్‌కున్యాదో'. తోడికోడలు 'కొన్‌కున్యాదా'. ఈ మాటలు విని అక్క పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. "అయితే వాళ్ళూ మన మాదిరేనే!" అంది. పంతులమ్మ మా పిల్లను, స్పానిష్‌లో సరిపోని వరసలను తెలుగు మాటలతోనే రాసి పక్కన వివరించమందట. ఆ పటంలో 'మేనమామ' ఉన్నాడు. మన ఊళ్ళలో ఇంగ్లీషు బడికి పోయే పిల్లల నోట ఆయన 'అంకుల్' అయి చాలాకాలమైంది.

అమెరికాలో స్పానిష్‌కు ఇదంతా పువ్వుల్లో పెట్టి ఇచ్చారనుకోకండి. టెక్సాస్ 1836 దాకా మెక్సికోలోది. 1848 ఒప్పందంతో ఇంకా పెద్ద భాగం అమెరికాకు పోయింది. మేము సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది అని అక్కడి మెక్సికన్ సంతతివాళ్ళు అంటారు. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఆ మాట విడమర్చి చెప్పాలా? 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురంవాళ్ళు, 1953లో బళ్ళారివాళ్ళు, 1960లో తిరుత్తణివాళ్ళు మూటాముల్లె సర్దలేదు. గీత కదిలింది, వాళ్ళు ఉన్నచోటే ఉన్నారు.

అట్లా ఉన్నచోటే ఉన్న పిల్లలు బడిలో స్పానిష్ మాట్లాడితే టెక్సాస్‌లో దండించేవాళ్ళు. 1954లో మార్ఫా అనే ఊళ్ళో, మెక్సికన్ పిల్లల కోసం విడిగా నడిపిన బ్లాక్‌వెల్ బడిలో, స్పానిష్ మాట్లాడమని పిల్లలచేత చీటీలు రాయించి, వాటిని పెట్టెలో పెట్టి, ఉత్తుత్తి శవసంస్కారం చేయించి పాతిపెట్టించారు. ఆ బడిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించే చట్టం 2022లో వచ్చింది. మనకు ఏ పంతులూ అట్లాంటి పెట్టె చేయించలేదు. "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, పిల్లకు మార్కులొస్తాయి" అని మనమే నడిమింట్లో పాతిపెట్టాం, చీటీ కూడా రాయకుండా.

వాళ్ళు అక్కడినుంచి తేరుకొని చేసిన పని ఒకటుంది. ఇంట్లో స్పానిష్ విని, మాట్లాడి, రాయడం చదవడం రాని పిల్లలకు చాలా బడులు, కళాశాలలు విడిగా తరగతి పెడతాయి. వాళ్ళను కొత్తగా నేర్చేవాళ్ళతో కలపరు. ఇంటినుంచి తెచ్చిన మాటే మొదటి పెట్టుబడి. అవ్వను అడిగి రాసుకురావడం అక్కడ తరచుగా ఇచ్చే పని. మన పిల్లలు అచ్చంగా ఈ రకంవాళ్ళే కదా? మాట వస్తుంది, అక్షరం రాదు. మరి మనం వాళ్ళను ఏం చేస్తున్నాం? ఉగాదికి వేదిక వేస్తాం. ఆంధ్రనుంచో తెలంగాణనుంచో అతిథిని పిలుస్తాం. పిల్లవాడు భయపడుతూ రెండు ముక్కలు మాట్లాడితే "మీ తెలుగులో అరవవాసన ఉందండీ" అని ఆయన నవ్వుతాడు. మనమూ నవ్వుతాం. ఆ పిల్లవాడు మళ్ళీ వేదికెక్కడు. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చిందని శాలువలు కప్పుకున్నాం. ఆ హోదా వాడి నోట్లో ఒక్క మాట పెట్టిందా?

ప్రభుత్వాలను అడగడం మానమని అనను. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956నుంచి ఉంది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అడిగే హక్కు దాని బలంతోనే నిలబడుతుంది. తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేసిన తర్వాత ఆ పోరాటం ఇంకా అవసరమైంది. అర్జీలు పెట్టండి, నేనూ సంతకం చేస్తాను. కాని అవ్వను పది ప్రశ్నలడగడానికి ఏ కలెక్టరు అనుమతీ అక్కర్లేదు.

అందుకని సంఘాల పెద్దలకు నా మనవి. పద్యాల పోటీ ఉండనివ్వండి. దాని పక్కన ఇంకొకటి పెట్టండి: పిల్లలు ఇంట్లో ఒక పెద్దమనిషిని అడిగి రెండు పేజీలు రాసుకురావాలి. అమ్మ, నాన్న, ఇద్దరివైపు ఇంటిపేర్లు. ఎటునుంచి వచ్చారు, యాలకు వచ్చారు. వరసలు మన మాటల్లో. తెలుగు లిపి రానివాడు తమిళ, కన్నడ, ఒరియా, మరాఠీ ఏ లిపిలో రాసినా తీసుకోండి. లిపి తర్వాత నేర్పవచ్చు, అవ్వను తర్వాత తేలేం. తల్లో తండ్రో లేని పిల్లలకు, చెప్పుకోలేని కథ ఉన్న పిల్లలకు వీధిలో ఏ ముసలమ్మనైనా ఎంచుకునే వీలివ్వండి. తప్పులు దిద్దకండి. బహుమతి కులపెద్దల చేత ఇప్పించకండి.

మా అక్కకు అరవై ఎనిమిది. ఆ ఫోను తర్వాత ఆదివారాలు పల్లెకు వెళ్ళి ఆమె చెప్పినది రాసుకుంటున్నాను. "ఇదంతా ఇప్పుడు యాలరా?" అంటుంది, అని చెప్తూనే ఉంటుంది. నలభై పేజీలయింది. అమ్మ పుట్టింటి పేరు మొదటి పేజీలోనే ఉంది. అమ్మ తల్లిది ఏ ఇంటిపేరని మనవరాలు పదో ప్రశ్నగా అడిగింది. అది అక్కకూ తెలియదు. తెలిసిన చివరి మనిషి మా పెద్దమ్మ, పోయిన మాఘమాసంలో పోయింది. మీ ఇంట్లో అట్లాంటి మనిషి ఇంకా ఉంటే ఉగాది దాకా ఆగకండి, ఈ ఆదివారమే వెళ్ళండి.